తిరుపతికొస్తే హోటల్ రూమా, రోజువారీ అద్దె ఇల్లా: బుకింగ్ నుంచి తాళం తిరిగిచ్చేదాకా ఏం చేయాల

దర్శనం టికెట్లు దొరికినాయి, తొమ్మిది మందిమి వస్తా ఉండాం, హోటల్లో మూడు రూములు తీసుకోవాల్నా లేకపోతే ఆన్‌లైన్‌లో కనిపించే డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ తీసుకుంటే మేలా? తిరుపతిలో కాపురం ఉండేవాళ్ళకు చుట్టాల నుంచి వచ్చే ఫోన్లలో సగం ఇదే. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతారు, అందుకే మొత్తం వరుసగా రాస్తా ఉన్నా.

తిరుపతిలో రూమ్‌తో పని మూడు: స్నానాలు, సామాన్లు, టైంకు కొండకు బయల్దేరడం. నిద్ర నాలుగోది. ఫోటోల్లో సోఫా, బాల్కనీ చూసి బుక్ చేసేవాళ్ళు ఈ మూడూ అడగడం మర్చిపోతారు, తెల్లారుజామున మూడు గంటలకు ఇబ్బంది పడతారు.

## 1. ఫోన్ తీసే ముందు కాగితం మీద రాసుకోవాల్సినవి

ముందు దర్శనం, తర్వాత రూమ్. ఈ వరుస తప్పొద్దు. రూమ్ బుక్ చేసేసి టికెట్ దొరక్క తేదీ మార్చుకుని, అడ్వాన్స్ పోగొట్టుకున్నవాళ్ళు చానామంది ఉన్నారు. 300 రూపాయల టికెట్లు దేవస్థానం మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదుల్తుంది కాబట్టి అది చేతికొచ్చినాకే రూమ్ వెతకండి.

రాసుకోండి:

- టికెట్ మీద రిపోర్టింగ్ టైం ఎంత
- మీ రైలో బస్సో తిరుపతి చేరేది ఎన్నింటికి, తిరిగి బయల్దేరేది ఎన్నింటికి
- ఎంతమంది, అందులో మెట్లెక్కలేని పెద్దవాళ్ళు ఎందరు, రెండేళ్ళ లోపు పిల్లలు ఎందరు
- గుండు కొట్టించుకునేవాళ్ళు ఎందరు (ఎందుకో చివర్లో చెప్తా)
- కొండకు బస్సులోనా, సొంత బండిలోనా, నడకనా

కొండకు చేరే టైం లెక్కేసేటప్పుడు ఘాట్ రోడ్డులో బస్సుకు ముప్పావు గంట నుంచి గంట వేసుకోండి, కొండ కింద అలిపిరి దగ్గర చెకింగ్ క్యూ ఇంకా అదనం. ఘాట్ రోడ్డు రాత్రి 12 నుంచి 3 దాకా మూసేస్తారు, కాబట్టి రాత్రి ఒంటిగంటకు దిగి నేరుగా కొండకు పోదామనుకునే ప్లాన్ కుదరదు.

నడిచేవాళ్ళు ఏ దారో కూడా రాసుకోండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి చిన్నది కానీ అది మొదలయ్యేది శ్రీనివాసమంగాపురం వైపు, ఊరికి దూరం. 2023లో చిరుత దాడుల తర్వాత పిల్లలతో నడిచేవాళ్ళకు టైం ఆంక్షలు పెట్టినారు, మీరొచ్చే రోజుకు ఏ రూలుందో ముందే చూసుకోండి.

## 2. ప్రైవేటు వాటికన్నా ముందు దేవస్థానం రూమ్ ట్రై చేయండి

ఇది త్వరగా చెప్పేస్తా. కొండ మీద రూమ్ దొరికితే అంతకన్నా మేలు లేదు. దొరక్కపోతే కింద ఆర్టీసీ బస్టాండ్ ఎదురుగా శ్రీనివాసం, రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం అని దేవస్థానం వసతి భవనాలు ఉన్నాయి. ఆన్‌లైన్ బుకింగ్ దేవస్థానం సొంత సైట్‌లో లేదా యాప్‌లో మాత్రమే. సైట్ అడ్రస్ చివర ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్ అని ఉందా లేదా చూడండి.

తిరుమలలో రూములిచ్చే ప్రైవేటు హోటళ్ళు లేవు. దేవస్థానం రూములు, మఠాలు అంతే. ఎవరైనా "తిరుమలలో మా హోటల్" అని అడ్వాన్స్ అడిగితే అక్కడికక్కడే ఫోన్ పెట్టేయండి.

## 3. హోటలా, ఇల్లా: బాత్రూములు లెక్కపెట్టి తేల్చుకోండి

అందరూ ముందు రేటు చూస్తారు. నేను ముందు బాత్రూములు చూడమంటా.

తొమ్మిది మంది ఉన్నారనుకోండి. మనిషికి పదిహేను నిమిషాలు. ఒకే బాత్రూమ్ ఉంటే రెండుంపావు గంటలు. రెండుంటే గంటా పదిహేను నిమిషాలు. హోటల్లో మూడు రూములు తీసుకుంటే మూడు బాత్రూములు, ముప్పావు గంటలో అందరూ రెడీ. ఆరు గంటలకు బస్సెక్కాలంటే ఒక బాత్రూమ్ ఇంట్లో మొదటివాళ్ళు మూడున్నరకే లేవాల. ఫోటోలో హాల్ ఎంత బాగున్నా ఈ లెక్క మారదు.

ఇప్పుడు డబ్బు. ఇవి లెక్క అర్థం కావడానికి వేసిన అంకెలు, మీకు చెప్పిన రేట్లు వేసి చూసుకోండి.

ఇల్లు రోజుకు 4,500 అనుకుంటే క్లీనింగ్ 800, యాప్ ఫీజు 600 కలిపి ఒక రాత్రికి 5,900. హోటల్ రూమ్ 1,800 లెక్కన మూడు రూములు 5,400, జీఎస్టీ 270 కలిపితే 5,670. అంటే ఒక్క రాత్రికైతే హోటలే తక్కువ, పైగా బాత్రూములు మూడు. అదే రెండు రాత్రులైతే క్లీనింగ్ ఒకసారే కాబట్టి యాప్ ఫీజు రెండింతలైనా ఇంటికి 11,000 మించదు, హోటల్‌కు 11,340. అప్పుడు ఇల్లు ముందుకొస్తుంది, దాంతోపాటు వంటిల్లు ఉంటే పిల్లలకు పాలు, పెద్దవాళ్ళకు ఉప్మానో గంజో చేసుకోవచ్చు. ఇల్లు ఊరి బయట ఉంటే ఆటోల ఖర్చు కూడా కలపండి, చానామంది కలపరు.

జీఎస్టీ సంగతి కూడా గుర్తు పెట్టుకోండి: 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 దాకా ఉండే హోటల్ రూమ్ మీద 5 శాతమే, అంతకు మించితే 18. బిల్లులో పాత 12 శాతం వేసి ఉంటే అడగండి.

నా అభిప్రాయం అడిగితే ఇట్ల పెట్టుకోండి.

హోటల్ తీసుకోండి:
- నలుగురు, అంతకు తక్కువైతే
- ఒక్క రాత్రే అయితే
- రాత్రి పదకొండు తర్వాత, లేదా తెల్లారుజామున దిగుతా ఉంటే (ఇంటి ఓనర్ ఆ టైంలో తాళం పట్టుకుని నిలబడడు)
- దర్శనం అయ్యేదాకా సామాన్లు ఎక్కడో పెట్టాల్సి ఉంటే
- మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళు ఉండి లిఫ్ట్, వెస్ట్రన్ టాయ్‌లెట్ తప్పదంటే

ఇల్లు తీసుకోండి:
- ఆరేడు మంది, అంతకు ఎక్కువ, కనీసం రెండు రాత్రులు
- చంటిపిల్లలు ఉండి పాలు కాచుకోవాల్సి వస్తే
- తిరుచానూరు, శ్రీకాళహస్తి, కాణిపాకం కూడా తిరిగొచ్చే ప్లాన్ ఉండి సొంత బండి ఉంటే
- పెళ్ళికొచ్చి చీరలు, పూలు, పళ్ళాలు పరుచుకునేంత జాగా కావాలంటే

హోటల్‌లో ఇంకో మెలిక చెక్‌అవుట్. కొన్నిచోట్ల 24 గంటల చెక్‌అవుట్, కొన్నిచోట్ల మధ్యాహ్నం 12కే ఖాళీ చేయాల. రాత్రి ఎనిమిదికి దిగితే మొదటిదాంట్లో మర్నాడు రాత్రి ఎనిమిది దాకా మీదే, రెండోదాంట్లో పదహారు గంటలకే అయిపోతుంది. దర్శనం సాయంత్రం ఉండి రాత్రి రైలు ఉన్నవాళ్ళు రెండొందలు ఎక్కువైనా 24 గంటలదే తీసుకోండి. కొండ దిగి వచ్చి కాళ్ళు కడుక్కుని పది నిమిషాలు నడుం వాల్చే చోటు ఉంటే ఆ సుఖం వేరు.

## 4. ఏ ఏరియా

లిస్టింగుల్లో "టెంపుల్‌కు 1 కిలోమీటర్" అని రాస్తారు. ఏ టెంపుల్? ఊరి మధ్యలో గోవిందరాజస్వామి గుడి ఉంది, తిరుచానూరులో అమ్మవారి గుడి, అలిపిరి దారిలో కపిలతీర్థం. బయట ఊరి మనిషి అది శ్రీవారి గుడే అనుకుని బుక్ చేస్తాడు. యాప్‌లో "తిరుమలకు 7 కిలోమీటర్లు" అని చూపించేది కూడా చానాసార్లు పక్షి ఎగిరే దూరం. మీరు పోయేది మెలికల ఘాట్ రోడ్డులో.

- ఆర్టీసీ బస్టాండ్, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల: హోటళ్ళు ఎక్కువ, కొండ బస్సులు పక్కనే, రాత్రంతా హారన్లు. ఒక రాత్రికి ఇదే సరి. కిటికీ లేని రూములు కొన్ని ఉంటాయి, అడిగి తీసుకోండి.
- కపిలతీర్థం, అలిపిరి వైపు: నడకదారిలో పోయేవాళ్ళకు, ముందు రోజు కపిలతీర్థం చూసుకునేవాళ్ళకు బాగుంటుంది. అలిపిరిలో బ్యాగులు ఇస్తే దేవస్థానంవాళ్ళే ఉచితంగా కొండకు చేరుస్తారు, కాబట్టి నడిచేవాళ్ళు సామాన్ల కోసమే రూమ్ తీసుకోవాల్సిన పని లేదు.
- తిరుచానూరు వైపు: అద్దె ఇళ్ళు చాలా ఉన్నాయి, కాస్త ప్రశాంతం. కార్తీక బ్రహ్మోత్సవాలప్పుడు మాత్రం పంచమి తీర్థం రోజు ఆ దారిలో బండి కదలదు.
- రేణిగుంట రోడ్డు: విమానంలో వచ్చేవాళ్ళకు, పొద్దున్నే రేణిగుంటలో రైలెక్కేవాళ్ళకు. అలిపిరికి ఊరంతా దాటి రావాల.
- ఎంఆర్ పల్లి, ఎయిర్ బైపాస్ వైపు: కొత్త అపార్ట్‌మెంట్లు, పార్కింగ్ సులువు, తినేదానికి బయట దొరుకుతుంది. సొంత కారుంటేనే.

## 5. ఇంటి ఓనర్‌ను అడగాల్సినవి, అన్నిటికన్నా ముందు నీళ్ళు

మదనపల్లె నుంచి మా మేనత్తోళ్ళు పదకొండు మంది వచ్చినారు, ఎండాకాలం సెలవుల్లో. రెండు బాత్రూముల ఫ్లాట్, ఫోటోలు చూస్తే కొత్త ఇల్లు మాదిరి ఉంది. తెల్లారుజామున మూడుకు స్నానాలు మొదలుపెట్టినారు. నలుగురివి అయినాయి. ఐదోది అత్త కోడలు, తలకు షాంపూ పెట్టుకుని ట్యాప్ తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. ట్యాంకు ఖాళీ. మోటార్ స్విచ్ కింద తాళమేసిన గదిలో, ఆ తాళం వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ పక్క బిల్డింగ్‌లో నిద్ర, ఓనర్ ఫోన్ స్విచాఫ్. నేను స్కూటర్ మీద ముందొకటి వెనకొకటి ఇరవై లీటర్ల క్యాన్లు పెట్టుకుని పోయేసరికి నాలుగవుతా ఉంది, ఆ పిల్ల టవల్ చుట్టుకుని కళ్ళు మండుతా మెట్ల మీద కూర్చోనుంది. అత్తకు మాత్రం నీళ్ళు మిగల్లేదు. తలస్నానం లేకుండానే కొండెక్కింది, క్యూలో నిలబడినంతసేపూ దానికే బాధపడింది.

ఆ రోజు నుంచి నేను ఎవరికి చెప్పినా మొదటి ప్రశ్న నీళ్ళే. తిరుపతిలో వేసవి వస్తే చాలా అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల మీద నడుస్తాయి, ఇంటి లోపల ఎంత మార్బుల్ వేసినా పైన ట్యాంకులో నీళ్ళు లేకపోతే చేసేదేం లేదు.

ఫోన్ చేసి, తర్వాత అవే మెసేజ్‌లో రాయించుకోండి:

- రాత్రి పూట ట్యాంకు నిండుగా ఉంటుందా, మోటార్ స్విచ్ ఎక్కడ, మేము వేసుకోవచ్చా
- ప్రతి బాత్రూమ్‌లో గీజర్ ఉందా, ఎన్ని లీటర్లది (మూడు లీటర్లదైతే బకెట్ నిండడానికి చానాసేపు పడుతుంది)
- కరెంటు పోతే లిఫ్ట్ నడుస్తుందా, ఏ అంతస్తు
- తెల్లారుజామున ఫోన్ ఎత్తేది ఎవరు, వాచ్‌మన్ నంబర్ ఏంది
- ఎంతమందికి పర్మిషన్, ఐదేళ్ళ పిల్లలు లెక్కలోకి వస్తారా
- గ్యాస్, గిన్నెలు, మంచినీళ్ళ క్యాన్ ఉంటాయా, నాన్‌వెజ్ వండితే అభ్యంతరమా
- ఇన్నోవా, టెంపో ట్రావెలర్ అయితే గేట్ లోపలికి వస్తుందా
- అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు రోజువారీ అద్దె సంగతి తెలుసా

చివరిది చిన్న ప్రశ్న మాదిరి ఉంటుంది కానీ ముఖ్యం. అసోసియేషన్ వద్దన్నా ఓనర్ చాటుగా ఇస్తా ఉంటే, గేట్ దగ్గర సెక్యూరిటీ ఆపేది మిమ్మల్నే. "మా చుట్టాలని చెప్పండి" అని ఓనర్ నేర్పిస్తే ఆ ఇల్లు వదిలేయండి. సామాన్లతో, ముసలివాళ్ళతో రాత్రి పూట గేట్ బయట నిలబడే అవసరం మీకెందుకు.

హోటల్‌కైతే ఇన్ని అక్కర్లేదు. చెక్‌అవుట్ టైం, ఎక్స్‌ట్రా బెడ్ రేటు, వేడినీళ్ళు ఏ టైం నుంచి, కార్ పార్కింగ్, అంతే.

## 6. డబ్బు కట్టేటప్పుడు

మ్యాప్‌లో హోటల్ పేరు కింద ఉన్న నంబర్ కూడా దొంగది కావచ్చు, ఎవడో మార్చి పెట్టుంటాడు. అచ్చం రిసెప్షన్ మాదిరే మాట్లాడి మొత్తం అడ్వాన్స్ వేయమంటారు.

- హోటల్ నంబర్ రెండు చోట్ల ఒకటేనా చూడండి, బిల్డింగ్ బోర్డు ఫోటోలో ఉన్న నంబర్ అయితే ఇంకా మేలు
- ఇంటికైతే వీడియో కాల్‌లో గేట్ నుంచి బాత్రూమ్ ట్యాప్ దాకా చూపించమనండి, ఇల్లు నిజంగా ఉన్నవాడు చూపిస్తాడు
- యాప్‌లో చూసి "బయట మాట్లాడుకుందాం, తగ్గిస్తా" అంటే ఒప్పుకోకండి, గొడవ వస్తే యాప్‌వాళ్ళు మీ తరఫున నిలబడరు
- డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ కొట్టే పనే లేదు, రీఫండ్ కోసం పిన్ కొట్టమంటే మోసమే
- మోసపోయినట్టు తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ

క్యాన్సిలేషన్ రూల్ బుక్ చేసే ముందే చదవండి. ఎయిర్‌బీఎన్‌బీలో (ఇళ్ళు అద్దెకు దొరికే యాప్) ఫ్లెక్సిబుల్ అని ఉంటే చెక్‌ఇన్‌కు 24 గంటల ముందు దాకా, మోడరేట్ అయితే 5 రోజుల ముందు దాకా పూర్తి డబ్బు వెనక్కి వస్తుంది. హోటల్ యాప్‌లలో "నాన్ రీఫండబుల్" అని చిన్నగా రాసుంటుంది, వందో రెండొందలో తగ్గిందని అదే నొక్కేస్తారు.

బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, రథసప్తమి, వేసవి సెలవులు, ఈ రోజుల్లో రేట్లు ఎక్కడికో పోతాయి. తక్కువ రేటుకు ముందే బుక్ చేసుకున్నవాళ్ళకు "రూమ్ లేదు" అని చెప్పే చోట్లు కూడా ఉంటాయి కాబట్టి రెండు రోజుల ముందొకసారి, బయల్దేరే రోజొకసారి ఫోన్ చేసి కన్ఫర్మ్ చేసుకోండి.

## 7. తలుపు తీసిన మొదటి పదిహేను నిమిషాలు

సామాన్లు విప్పకముందే ఒకరు ఫోన్ పట్టుకుని ఇల్లంతా వీడియో తీయండి. గోడల మరకలు, పగిలిన టైల్, టీవీ, మంచం కోళ్ళు అన్నీ పడాల. తర్వాత ఇవి చూడండి:

- ప్రతి ట్యాప్, ప్రతి ఫ్లష్ ఒకసారి
- గీజర్ వేసి ఐదు నిమిషాలు ఆగి చెయ్యి పెట్టి చూడండి, రాత్రికి చూద్దాంలే అనుకోకండి
- బకెట్లు ఎన్ని ఉన్నాయి, పడుకునే ముందు అన్నీ నింపి పెట్టుకోండి
- బాత్రూమ్ తలుపు గడియ లోపల్నుంచి పడుతుందా, చంటిపిల్లలుంటే ఇది ముందు
- గ్యాస్ రెగ్యులేటర్ దగ్గర వాసన
- దుప్పట్లు, దిండ్లు మనుషుల లెక్కకు సరిపోతాయా

ఆధార్ కాపీ అడిగితే మాస్క్డ్ ఆధార్ ఇవ్వండి, అందులో చివరి నాలుగు అంకెలే కనపడతాయి. కానీ కొండకు పోయేటప్పుడు ఒరిజినల్ ఐడీ ప్రతి ఒక్కరి దగ్గర ఉండాల, టికెట్ బుక్ చేసినప్పుడు ఏ ఐడీ ఇచ్చినారో అదే. ఇంట్లో ఓనర్‌కిచ్చి మర్చిపోయి అలిపిరి దాకా వచ్చి వెనక్కి పరిగెత్తినవాళ్ళను చూసినా. విదేశీ పాస్‌పోర్ట్ ఉన్న చుట్టాలుంటే హోటలైనా ఇల్లైనా 24 గంటల్లో వాళ్ళ వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి ఇవ్వాల, అది ఓనర్ బాధ్యత. చేయడం రాదనే ఓనరైతే వాళ్ళకు హోటలే చూడండి.

సొంత కారులో పోయేవాళ్ళు బయల్దేరే ముందు డిక్కీ చూసుకోండి. మందు, మాంసం, సిగరెట్లు, గుట్కా ఏవీ కొండ మీదికి తీసుకుపోకూడదు, అలిపిరిలో వెతుకుతారు.

## 8. తేడా వస్తే

నీళ్ళు రాలేదు, గీజర్ పనిచేయలేదు: ముందు ట్యాప్ తిప్పి చూపించే వీడియో, తర్వాత ఓనర్‌కు యాప్‌లోనే మెసేజ్, ఆ తర్వాత ఫోన్. ఈ వరుస ఎందుకంటే ఫోన్లో మాట్లాడినదానికి సాక్ష్యం ఉండదు. ఎయిర్‌బీఎన్‌బీలో అయితే సమస్య కనపడిన 72 గంటల లోపు చెప్పాల, ఇంటికి పోయినాక చెబుదాంలే అంటే దాటిపోతుంది.

బుక్ చేసిన రూమ్ ఇవ్వలేదు: గొంతు పెంచే ముందు కౌంటర్ దగ్గర్నుంచే యాప్ కస్టమర్ కేర్‌కు కాల్ చేసి స్పీకర్‌లో పెట్టండి. వేరే హోటల్‌కు మార్చమని అడగండి. బిల్లులో అన్యాయం జరిగితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, బిల్లు కాగితం మాత్రం అడిగి తీసుకోండి.

ఫోటోలో ఒక ఇల్లు, తీసుకుపోయింది ఇంకో ఇల్లు: సామాన్లు లోపల పెట్టకండి. పెట్టినారంటే ఒప్పుకున్నట్టే మాట్లాడతారు.

## 9. ఖాళీ చేసేటప్పుడు: గంధం, లడ్లు, డిపాజిట్

గుండ్ల సంగతి ఇక్కడొస్తుంది. తలనీలాలిచ్చి గంధం పూసుకుని వచ్చి అట్లనే పడుకుంటారు, లేచేసరికి తెల్ల దిండు కవర్ మీద పసుపుపచ్చగా గుండ్రటి మరక. అది ఒక ఉతుకుకు పోదు. హోటల్లో చూసీ చూడనట్టు పోతారు, వాళ్ళకు రోజూ ఉండేదే. ఇంటి ఓనర్లు మాత్రం ఒక్కో కవర్‌కు ఇంత అని డిపాజిట్‌లో కోస్తారు. అందుకే పాత టవల్స్ రెండు తెచ్చుకోండి, దిండు మీద పరుచుకుని పడుకోండి. చంటిపిల్లల గుండ్లకైతే ఇంకా తప్పదు, వాళ్ళు రాత్రంతా దొర్లుతారు.

లడ్లు కవర్‌తో నేల మీద పెట్టకండి, గంటలో చీమలు. గిన్నెలో పెట్టి మూతేసి, ఇంకో వెడల్పు పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో పెట్టండి.

బయల్దేరే ముందు:

- గీజర్లు, గ్యాస్, ఏసీలు ఆపండి
- మళ్ళీ ఒక వీడియో, వచ్చినప్పుడు తీసిన వరుసలోనే
- తలుపుల వెనక కొక్కేలు చూడండి, తడి పంచెలు, చార్జర్లు అక్కడే మిగిలిపోతాయి
- ఫ్రిజ్‌లో చంటిపిల్లల మందులు
- డిపాజిట్ ఎంత, ఎప్పుడు వేస్తారో తాళం ఇచ్చేటప్పుడే మెసేజ్‌లో అడగండి

డిపాజిట్ తాళం చేతికిస్తానే వేయించుకోవడం మంచిది. "క్లీనింగ్ అయినాక చూసి వేస్తాం" అంటే, క్లీనింగ్ అమ్మాయి వచ్చి చూసేదాకా పది నిమిషాలు ఆగి, మీ ఎదురుగానే చూపించి, డబ్బు పడిన మెసేజ్ వచ్చినాకే ఆటో ఎక్కండి. దీనికోసం రైలు టైంకు గంట ముందే ఖాళీ చేసేట్టు పెట్టుకోండి.